నలభై మందికి చెప్పని కారణం

పోయిన నెల ఒక కంపెనీ వాళ్లు కొత్తగా మేనేజర్లయిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఆఫీసులో మార్పులొచ్చినప్పుడు పైవాళ్లు కింది ఉద్యోగులకు ఎలా అండగా నిలబడాలన్నది విషయం. గంటసేపు మాట్లాడాను. వాళ్ల మాట వినాలన్నాను, ధైర్యం చెప్పాలన్నాను, కొత్త పని నేర్పించాలన్నాను. చప్పట్లు బాగానే కొట్టారు. బయటికొచ్చి కారులో కూర్చున్నాక తాళం తిప్పబుద్ధి కాలేదు. నేను చెప్పినవి అబద్ధాలు కావు. కానీ నిజంగా మార్పు వచ్చిపడిన రోజు వాటిలో ఒక్కటీ నేను చేయలేదు. ఆ సంగతి మాత్రం దాచి, మిగతావన్నీ చెప్పి వచ్చాను.

అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకొచ్చిన హోదాల గురించి రాయను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు వాటితో పనిలేదు. ఒక్క విభాగం గురించి, అందులో ఇద్దరు ఆడవాళ్ల గురించి రాస్తాను.

మా పని

మాది గచ్చిబౌలిలో ఒక ఆఫీసు. అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి అక్కడి ఆసుపత్రుల నుంచి వచ్చే బిల్లులు మా దగ్గరికి చేరేవి. ఏ జబ్బు, ఏ వైద్యం, కంపెనీ ఎంత భరించాలి అన్నవి మా వాళ్లు చదివి కంప్యూటర్లో ఎక్కించేవారు. చూడ్డానికి చిన్న పనే. డాక్టర్ల చేతిరాత చదవడం, బిల్లులో పొసగని సంగతిని పట్టుకోవడం మాత్రం ఏళ్ల తరబడి చేస్తే తప్ప రాదు. నలభై మంది చేసేవారు. వాళ్లందరి మీదా పెద్దను నేను. మాది ప్రొద్దుటూరు. అప్పటికి హైదరాబాద్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది.

విభాగానికి టీమ్ లీడర్ స్వరూప. ఊరు జనగామ. భర్త మల్లేశంతో నానక్‌రామ్‌గూడలో కిరాయికి ఉండేది. మల్లేశం లింగంపల్లిలో ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో పనిచేసేవాడు. స్వరూప గట్టిగా మాట్లాడేది, గట్టిగా నవ్వేది. ఎవరి పనిలో తప్పు దొరికినా వాళ్ల కుర్చీ దగ్గరికే వెళ్లి కూర్చుని సరిచేయించేది తప్ప నా దాకా తెచ్చేది కాదు.

ఆమె పక్క సీటు లక్ష్మిది. అమలాపురం దగ్గరి పల్లె. మణికొండలో ఉండేది. స్వరూపకంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. లక్ష్మికి ఆఫీసులోనే నొప్పులొచ్చినప్పుడు ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది స్వరూప. లక్ష్మి భర్త ఊరి నుంచి వచ్చేదాకా పక్కనే ఉంది. తర్వాత ఎప్పుడు చూసినా ఇద్దరి టిఫిన్ బాక్సులు ఒకే బల్ల మీద ఉండేవి.

తలుపు వేసి చెప్పిన మాట

తెలంగాణ ఉద్యమం ఊపందుకుంటున్న ఏడాది వేసవిలో మా సెంటర్ హెడ్ విశ్వనాథ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. నాకంటే చిన్నవాడు. బెంగళూరులో చదువుకుని, అక్కడే పనిచేసి వచ్చినవాడు. మనిషి చెడ్డవాడని అనలేను.

"క్లయింట్ కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాడు. బిల్లు స్కాన్ చేస్తే అదే చదువుతుంది, అదే ఎక్కిస్తుంది. వచ్చే మార్చి తర్వాత ఈ పనికి ఇంతమంది అక్కర్లేదు. చెకింగ్‌కు చిన్న టీమ్ చాలు, దాన్ని పుణెలో పెడతారట. ఇక్కడ ఏడెనిమిది మందిని వేరే ప్రాజెక్టులో సర్దగలం," అన్నాడు.

"తక్కినవాళ్లు?"

"చూద్దాం. ఇప్పుడే చెప్పకండి. చెబితే సగం మంది రేపే వెళ్లిపోతారు. మార్చి దాకా పని నడవాలి కదా."

నేను వాదించలేదు. ఆయన చెప్పింది నాకు సబబుగానే తోచింది. బయటికొచ్చేసరికి నలభై మందీ తలలు వంచుకుని పని చేసుకుంటున్నారు. వాళ్ల జీవితంలో ఏం జరగబోతోందో నాకు తెలుసు, వాళ్లకు తెలియదు. మేనేజర్‌గా ఉంటే ఈ స్థితి ఎప్పుడో ఒకప్పుడు మీకూ వస్తుంది. మొదటి రోజు గుండెలో రాయి పెట్టినట్టు ఉంటుంది. వారానికి అలవాటవుతుంది. ఆ అలవాటును చూసి భయపడండి.

సమ్మె రోజులు

వానాకాలం చివర్లో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. బంద్ పిలుపు వచ్చిన రోజు ఆటోలు కూడా కనిపించేవి కావు. కరెంటు కోతలతో జనరేటర్లు గంటల కొద్దీ మోగేవి. బంద్ రోజున సెలవిచ్చి శనివారమో ఆదివారమో పని చేయించుకునేవాళ్లం.

స్వరూప ఉద్యమం మనిషి. దాచేది కాదు. రోడ్డు మీద చేయీ చేయీ పట్టుకుని నిలబడే కార్యక్రమాలకు ఆదివారాలు వెళ్లేది. కానీ ఆ దినాల్లో మా విభాగం పని ఒక్క రోజు కూడా వెనకబడకుండా చూసింది ఆమే. మల్లేశం మోటారు సైకిలు మీద మణికొండ వైపు నుంచి ఒక్కొక్కరినీ ఎక్కించుకొచ్చి ఆఫీసు గేటు దగ్గర దింపి, మళ్లీ వెనక్కి పోయేవాడు. లక్ష్మిని కూడా అలాగే తెచ్చేవాడు. ఎందుకింత కష్టపడుతున్నావని ఒకసారి అడిగాను.

"రేపు ఎవ్వలు మమ్మల్ని వేలెత్తి చూపియ్యద్దు సార్. బంద్‌ల పేరు జెప్పి పని ఆపిన్రు అనద్దు. మా కొట్లాట మాది, మీ పని మీకు అయిపోవాలె," అంది.



బతుకమ్మ పండగ వచ్చింది. కింద పార్కింగులో మధ్యాహ్నం ఒక గంట ఆడుకుంటామని స్వరూప వచ్చి అడిగింది. సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోలేదు. నేనే మాట్లాడి ఒప్పించాను. అమెరికా బిల్లులు చదివే ఆడపిల్లలందరూ పూలు పేర్చుకొచ్చి కార్ల మధ్యన చప్పట్లు కొడుతూ తిరిగారు. లక్ష్మికి అడుగులు రాకపోతే స్వరూప చేయి పట్టి తిప్పింది. మెట్ల మీద నిలబడి చూస్తూ, నా వాళ్లను నేను బాగా చూసుకుంటున్నానని అనుకున్నాను. పెద్ద సంగతి దాచిపెట్టినవాడు చిన్న చిన్న కోరికలు వెంటనే తీరుస్తాడు. ఇది నన్ను చూసుకుని నేను తెలుసుకున్నది.

"ఫికర్ చెయ్యకు"

ఆ తర్వాత కొద్ది రోజులకు స్వరూప నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఒక మాట అడుగుత. బేగంపేటల ఒక కంపెనీల నాకు కొలువు వచ్చింది. గిదే పని, జర పెద్ద పోస్టు. పోవాల్నా, ఉండాల్నా? మన పని మీద ఏమన్న తేడా ఉన్నదా? ఉంటే చెప్పున్రి. ఎవ్వలకు జెప్ప."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇంకొకటి ఉండదు. ఆమె తనంతట తానే వచ్చింది, తలుపు వేసి ఉంది, చేతిలో వేరే ఉద్యోగం ఉంది. 'వెళ్లు' అని ఒక్క మాట అంటే చాలు. కారణం కూడా చెప్పక్కర్లేదు. కానీ ఆమె వెళ్లిపోతే మార్చి దాకా ఆ నలభై మందితో పని చేయించేది ఎవరు? నా లెక్క అది.

"ఇక్కడ నీకేం తక్కువ? ఫికర్ చెయ్యకు. నేనున్నాను కదా," అన్నాను. ఆమె భాషలోనే, ఆమె మాటతోనే ధైర్యం చెప్పాను.

"మీరన్నరంటే ఇగ ఫికర్ లేదు సార్," అంది. నవ్వుకుంటూ పోయింది. బేగంపేట కంపెనీకి ఆ సాయంత్రమే రానని చెప్పిందని తర్వాత తెలిసింది.

అందరి ముందు

చలికాలంలో పుణె నుంచి నలుగురు పని నేర్చుకోవడానికి వచ్చారు. సాయానికి వచ్చారని చెప్పాం. రెండో వారానికే మా వాళ్లకు అర్థమైపోయింది. గుసగుసలు మొదలయ్యాయి. ఇక దాచలేమని విశ్వనాథ్ అందరినీ పెద్ద హాల్లోకి పిలిచాడు. నేను ఆయన పక్కన నిలబడ్డాను.

పని పుణెకు వెళ్తోందని చెప్పాడు. వెనక నుంచి ఎవరో "ఎందుకు?" అని అడిగారు.

విశ్వనాథ్ ఒక క్షణం నా వైపు చూశాడు. "చూడండి, సిటీలో సిచువేషన్ మీకు తెలుసు. రోజుకొక బంద్. క్లయింట్ భయపడ్డాడు. మేం చాలా ట్రై చేశాం," అన్నాడు.

అది అబద్ధం. సాఫ్ట్‌వేర్ కొన్నది సమ్మె మొదలవడానికి నెలల ముందు. ఆ హాల్లో ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. నేను నోరు తెరవలేదు.

ఎందుకని చాలా ఏళ్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. భయం ఒక కారణం, ఉద్యోగం ఒక కారణం. వీటి కింద ఇంకొకటి ఉంది. నేను రాయలసీమ వాణ్ని. ఆ రోజుల్లో నగరం మాకు కాకుండా పోతుందేమోనన్న బెంగ మా ఇళ్లలో ప్రతి పూటా మాటల్లోకి వచ్చేది. బంద్‌ల వల్లే పని పోయిందంటే లోపల ఎక్కడో నాకు హాయిగా అనిపించింది. నిజం కాదని తెలిసి కూడా.

మీటింగు అయ్యాక హాలు బయటే ఆ ఇద్దరూ ఎదురుపడ్డారు. లక్ష్మి ముఖం ఎర్రబడి ఉంది.

"చూశావా స్వరూపా? మొత్తానికి సాధించారు."

"నేనేం జేసిన అక్కా? ఒక్క దినం పని ఆగిందా మన దగ్గర? మా మల్లేశం నిన్ను తోల్కరాలేదా?"

"తెచ్చాడు, కాదనను. అసలు బంద్‌లే లేకపోతే ఆయన తేవాల్సిన అవసరం ఏముందండీ? మా ఆయనకు చూస్తే పని లేదు, పిల్లది బడికెళ్తోంది. ఇప్పుడు నేను ఎవర్నడగను?"

"అండీ అంటున్నవా నన్ను?" అంది స్వరూప. ఆమె గొంతు అంత చిన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

లక్ష్మి వెళ్లిపోయింది. స్వరూప నా వైపు తిరిగింది. నేను ఏదైనా అంటానని చూసింది. నేను చేతి గడియారం చూసుకుని, విశ్వనాథ్ వెనక నడిచాను.

మర్నాటి నుంచి విభాగం రెండు ముక్కలైంది. భోజనాల దగ్గర తెలంగాణ వాళ్లు ఒక వైపు, ఆంధ్ర వాళ్లు ఒక వైపు కూర్చునేవారు. నలభై మంది కలిసి ఒక మేనేజ్‌మెంటును నిలదీయాల్సిన చోట ఒకరినొకరు తిట్టుకున్నారు. మాకది సుఖంగానే నడిచింది. నా గదికి వచ్చి గట్టిగా అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఎనిమిది పేర్లు

వేరే ప్రాజెక్టులోకి తీసుకునే ఎనిమిది మంది పేర్లు ఇమ్మన్నారు. మొదటి పేరు స్వరూపది రాశాను. విశ్వనాథ్ పెన్ను తీసి దాని మీద గీత గీశాడు.

"ఈమె యాక్టివిస్ట్ కదా. కొత్త క్లయింట్ దగ్గర రిస్క్ ఎందుకు?"

"టీమ్‌లో అందరికంటే పని తెలిసింది ఆమెకే."

"తెలిసినవాళ్లకు బయట ఎక్కడైనా దొరుకుతుంది లెండి."

ఆ మాటను పట్టుకుని నేను నన్ను ఒప్పించుకున్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. సంతకం పెట్టాను. జాబితాలో లక్ష్మి పేరు ఉంది. అదీ మా వాళ్ల కళ్లలో పడింది. ఆంధ్ర సార్ ఆంధ్రామె ఉద్యోగం నిలబెట్టాడనుకున్నారు. అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

చివరి రోజున అందరూ వరసగా వచ్చి గుర్తింపు కార్డులు అప్పగించారు. స్వరూప కార్డు బల్ల మీద పెట్టి, "బేగంపేటల మళ్ల అడిగిన సార్. ఆ జాగ నిండింది అన్నరు," అని మాత్రం చెప్పింది. తిట్టలేదు. నేనున్నాను కదా అన్న మాట గుర్తు చేయలేదు. తల వంచుకుని లిఫ్టు వైపు పోయింది. లక్ష్మి తన సీట్లోంచి లేవలేదు. కంప్యూటర్ వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ కంప్యూటర్ అప్పటికింకా వేయలేదు.

చిన్నవాళ్లకు

మీలో చాలామంది ఇలాంటి కుర్చీల్లో కూర్చుంటారు. యంత్రాలు వస్తాయి, పనులు పోతాయి. దాన్ని ఆపడం మీ చేతిలో ఉండదు. నా చేతిలోనూ లేదు. కానీ వాళ్లకు ఆ వేసవిలోనే చెప్పి ఉంటే ఎనిమిది తొమ్మిది నెలలు చేతిలో ఉండేవి. రోజుకు ఒక గంట పని తగ్గించి కొత్తది నేర్పించి ఉండొచ్చు. నాలుగు కంపెనీలకు నేనే ఫోన్లు చేసి ఉండొచ్చు. కొందరు ముందే వెళ్లిపోయేవారు, పని కొంత దెబ్బతినేది, నా మీద మాట వచ్చేది. అంతకు మించి ఏమయ్యేదీ కాదు.

ధైర్యం చెప్పడం చాలా సులభం. మంచి గొంతు ఉంటే చాలు. మీరు ధైర్యం చెబుతున్నది ఎదుటి మనిషి కోసమా, మీ పని నడవడం కోసమా అని ఒకసారి చూసుకోండి. నా దగ్గర పనిచేసినవాళ్లు నన్ను మంచి బాస్ అనేవారు. పెళ్లిళ్లకు పిలిచేవారు. ఆ మంచితనమే ఆమెను ముంచింది. నేను కటువుగా ఉండేవాణ్నయితే స్వరూప నా మాట నమ్మకుండా బేగంపేట వెళ్లిపోయేది.

ఇంకొకటి. పని పోవడాన్ని మనుషులు ఎలాగో తట్టుకుంటారు. ఎందుకు పోయిందో మీరు అబద్ధం చెబితే, ఆ అబద్ధంతోనే వాళ్లు తర్వాత బతుకుతారు. అది నాకు ఇలా తెలిసింది.

బిల్లింగ్ కౌంటర్

రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది మణికొండ కూరగాయల మార్కెట్లో లక్ష్మి కనిపించింది. మేం ఆమెను చేర్చుకున్న ప్రాజెక్టు కూడా ఏడాదికే మూతపడింది. ఆమె అప్పుడు ఒక స్కూల్లో ఆఫీసు పని చేస్తోంది. మాటల్లో స్వరూప సంగతి వచ్చింది.

"లింగంపల్లిలో ఏదో హాస్పిటల్లో చేస్తోందని విన్నానండి. నేను ఫోన్ చేయలేదు. ఎలా చేస్తానండీ, అంత మాట అన్నాక?" అంది.

సంచీ పట్టుకుని అక్కడే నిలబడి ఆమెకు అంతా చెప్పాను. సాఫ్ట్‌వేర్ సంగతి, సమ్మెకు ముందే తేలిపోయిన సంగతి. "మీకు తెలుసా సార్? ఆ రోజు హాల్లో నిలబడ్డప్పుడు మీకు తెలుసా?" అని రెండుసార్లు అడిగింది. తెలుసన్నాను. తన సంచీ కింద పెట్టి పక్క షాపు మెట్టు మీద కూర్చుండిపోయింది. నాతో మళ్లీ మాట్లాడలేదు. నేను కొంచెంసేపు నిలబడి వచ్చేశాను.

ఆ వారమే లింగంపల్లి వెళ్లాను. మూడంతస్తుల ప్రైవేటు ఆసుపత్రి. కింద ఇన్సూరెన్స్ కౌంటర్ అద్దం వెనక స్వరూప కూర్చుని ఉంది. ఎదుట ఫైళ్లు పట్టుకున్న మనుషుల వరస. జుట్టు ముందు భాగం తెల్లబడింది. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"ఏంది సార్, ఎవరికన్న బాగలేదా?"

"నీకోసమే వచ్చాను."

పక్కనున్న కుర్చీ చూపించింది. కూర్చుని, లక్ష్మికి చెప్పినదంతా చెప్పాను. పేరు కొట్టేసిన సంగతి కూడా చెప్పాను. ఆమె చేతిలో ఉన్న ఫైలు మూసి, దాని మీద చేతులు పెట్టుకుని వింది. నేను క్షమించమన్నాను. ఆ మాట ఆమెకు వినబడిందో లేదో తెలియదు.

"నలభై మంది కొలువులు నా నెత్తి మీద పడ్డయనుకున్న సార్," అంది చివరికి. "మల్లేశం గూడ గదే అన్నడు, నీ ఉద్యమమే నీ కొలువు తిన్నదని. కాదని ఎట్లనాలె? మీరు, పెద్ద సారు ఇద్దరు నిలబడి చెప్పిన్రు కదా. రాష్ట్రం వచ్చిన దినం మా గల్లీల అందరు ఎగిరిన్రు, పటాకులు గాల్చిన్రు. నన్ను పిలిచిన్రు. నేను తలుపేసుకొని ఇంట్ల కూసున్న. ఎంతమంది నోటికాడి కూడు గుంజి తెచ్చుకున్నమో కదా అని. గా దినం కోసం నేను ఎన్ని దినాలు తిరిగిన్నో మీకు ఎరుకే."

నాకు ఎరుకే.

"అందరి ముంగట అబద్ధం జెప్పిన్రు. నిజం వచ్చి నా ఒక్కదాని చెవిల జెప్తున్నరు. ఏం జేసుకోవాలె సార్ దీన్ని?"

అద్దానికి అవతల ఒక ముసలామె ఫైలు లోపలికి చాపి నిలబడి ఉంది. స్వరూప ఆ ఫైలు అందుకుంది. కాగితాలు తిప్పి, డాక్టరు చేతిరాతను దగ్గరికి తెచ్చుకుని చదవసాగింది.

"జర లెవ్వున్రి సార్," అంది తల ఎత్తకుండానే. "అమ్మను కూసోనియ్యున్రి."

లేచాను. ముసలామె నా కుర్చీలో కూర్చుంది.